పసిబిడ్డ వచ్చే ఇంట్లో చుట్ట పొగ: మావగారి పరువు తగ్గకుండా గుమ్మం బయటికి పంపడం ఎలా

చదివేవాళ్ళ కోసం మీ ప్రశ్న క్లుప్తంగా: మీకిప్పుడు ఏడో నెల. పురుడు పుట్టింట్లో. బిడ్డకి ఐదో నెల వచ్చాక ఎత్తుకుని రాజోలు వైపు అత్తవారింటికి వెళ్తారు. అక్కడ మావగారు రోజుకి ఐదారు చుట్టలు కాలుస్తారు, కొన్ని అరుగు మీద, కొన్ని లోపల పడక్కుర్చీలో. బావగారిది సిగరెట్టు. అత్తయ్యగారికి ఇష్టం లేకపోయినా నోరెత్తరు. మానమంటే గొడవ, ఊరుకుంటే బిడ్డకి పొగ. ఏం చెయ్యాలి?

ముందు రెండు విషయాలు విడదీసుకోండి. చుట్ట మానడం వేరు, ఇంట్లో కాల్చకపోవడం వేరు. మానడం ఆయన ఒంటికి సంబంధించిన సంగతి, నెలలు పడుతుంది, ఒక్కోసారి జరగదు కూడా. గుమ్మం లోపల కాల్చకపోవడం ఇంటికి సంబంధించిన సంగతి, చెప్పులు బయట విడవడం లాంటిది. ఈ రెండూ కలిపి అడిగిన ఇళ్ళలో రెండూ కుదరవు. "ఈ వయసులో నాకు బుద్ధులు చెప్తారా" అన్న మాట వచ్చిందంటే ఇక అరుగు సంగతి కూడా ఎత్తలేరు. మీరు రెండోది ఒక్కటే అడగండి. మొదటిది ఆయనంతట ఆయన ఎత్తేదాకా ఆగండి.

ఈ నియమం మన ఊళ్ళకి కొత్తదేం కాదు. పిల్లలు పెళ్ళీడుకొచ్చిన కొడుకైనా తండ్రి ఎదురుపడితే సిగరెట్టు వెనక్కి దాస్తాడు. మీ మావగారు కూడా వాళ్ళ నాన్నగారి ముందు కాల్చి ఉండరు. గుళ్ళో కాల్చరు, పూజగదిలో కాల్చరు. ఎవరి ముందు కాల్చకూడదో మనకి ఎప్పటినుంచో తెలుసు. ఆ వరసలో ఇప్పటిదాకా పెద్దలూ దేవుడూ ఉన్నారు, అక్కడ పసిబిడ్డని కూడా చేర్చడమే మీరు చెయ్యాల్సింది. మాట ఆ దారిలో వెళ్తే ఆయనకి అవమానం అనిపించదు.

చట్టం సాయం ఇక్కడ ఉండదు. 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం, 2008 అక్టోబరు 2 నుంచి అమల్లోకొచ్చిన నిబంధనలు బహిరంగ ప్రదేశాలకే. పంచాయతీ ఆఫీసులో కాలిస్తే 200 రూపాయల దాకా జరిమానా వెయ్యొచ్చు, సొంత ఇంట్లో కాలిస్తే అడిగేవాడు లేడు. ఇంటి నియమం ఇంట్లోవాళ్ళే పెట్టుకోవాలి. పెట్టుకుంటున్నవాళ్ళూ పెరుగుతున్నారు. దేశంలో ఇంట్లో ఇతరుల పొగ పీల్చే పెద్దవాళ్ళు 2009-10 సర్వేలో 52.3 శాతం ఉంటే, 2016-17 సర్వే నాటికి 38.7 శాతానికి తగ్గారు. అడుగుతున్నది మీ ఒక్కరే కాదు.

ఇప్పుడు పొగ సంగతి. సగం జాగ్రత్తలు ఎందుకు పనిచెయ్యవో తెలియకపోతే "సరేలే, కిటికీ దగ్గర కాలుస్తాను" అన్నచోట మీరు రాజీపడిపోతారు.

కాలే కొస నుంచి ఊరికే లేచే పొగే ఇంట్లో ఎక్కువ. సిగరెట్టు విషయంలో పక్కవాళ్ళు పీల్చేదాంట్లో సుమారు 85 శాతం ఈ కొస పొగే. మనిషి ఊదేది మిగతాది. చుట్టతో ఇది ఇంకా ఎక్కువ. సిగరెట్టులో పొగాకు గ్రాము కూడా ఉండదు, చుట్టలో అంతకి కొన్ని రెట్లు. లంక పొగాకు చుట్ట మధ్యలో ఆరుతుంది, మళ్ళీ ముట్టిస్తారు, పీకని చూరులో దోపి మధ్యాహ్నం మళ్ళీ తీస్తారు. సిగరెట్టు ఐదు నిమిషాల్లో అయిపోతుంది, ఒక్క చుట్ట పూటంతా ఇంటిని పట్టుకునే ఉంటుంది. "నేను పొగ లోపలికి పీల్చను కదా" అంటారు చుట్ట కాల్చేవాళ్ళు. నిజమే, చుట్ట పొగలో క్షారగుణం ఎక్కువ కాబట్టి నికోటిన్ నోటి లోపలి పొర నుంచే ఎక్కుతుంది, పీల్చనక్కర్లేదు. కానీ ఆయన పీల్చని పొగంతా చేరేది ఆ గదిలోకే. పెద్ద వయసు ఆడవాళ్ళు కాల్చే అడ్డచుట్ట కూడా ఇంతే. నిప్పు నోట్లో ఉన్నా పొగ ఇంట్లోకే వస్తుంది, పైగా అంగిట్లో కాన్సర్ వచ్చే ప్రమాదం ఉంది.

ఈ పొగ కణాలు చాలా సన్నం, చాలావరకు రెండున్నర మైక్రాన్ల లోపే. గంటల తరబడి గాలిలో తేలతాయి. ఫ్యాను వాటిని బయటికి పంపదు, నాలుగు మూలలకీ సమంగా పంచుతుంది. కిటికీ దగ్గర నిలబడితే, గాలి లోపలికి కొడుతున్నప్పుడు ఆ కిటికీయే పొగని ఇంట్లోకి తోస్తుంది. మండువా లోగిళ్ళలో "పైన ఆకాశమే కదా, పోతుంది" అనుకుంటారు. రాత్రి చల్లబడ్డ గాలి మండువాలోకి దిగి నాలుగు వసారాల కింద పరుచుకుంటుంది, పొగా దాంతోపాటే పరుచుకుంటుంది. అరుగు మీద కాల్చడం బయట కాల్చినట్టు కాదు. వీధి గుమ్మానికి మూడడుగుల దూరంలో కాలిస్తే, తలుపు తీసి ఉన్నంతసేపూ లోపల కాల్చినట్టే లెక్క. ఇలాంటి ఏర్పాట్లేవీ పక్కవాళ్ళని పూర్తిగా కాపాడలేవనీ, ఇంత పొగ అయితే ఫరవాలేదు అనే హద్దే లేదనీ 2006లో అమెరికా సర్జన్ జనరల్ (అక్కడి ప్రభుత్వ ప్రధాన ఆరోగ్యాధికారి) నివేదిక చెప్పింది.

పెద్దవాళ్ళు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. నెలల బిడ్డ 30 నుంచి 60 సార్లు. అదే గదిలో, అదే గాలి, బరువుతో పోల్చి చూస్తే బిడ్డకి అందే మోతాదు చాలా ఎక్కువ. చెవిలో చీము, మాటిమాటికీ దగ్గు, నెమ్ము, ఉబ్బసం, నిద్రలోనే ఊపిరి ఆగిపోవడం, వీటన్నిటికీ ఇంటి పొగతో సంబంధం రుజువైంది. మీరిప్పుడు గర్భవతి. మీరు పీల్చే పొగ బిడ్డ బరువు తగ్గిస్తుంది. అందుకే ఇది బిడ్డకి ఐదో నెల వచ్చాక మొదలుపెట్టే పని కాదు. సీమంతానికి ఆ ఇంటికి వెళ్తారుగా, అప్పటికే మాట కదలాలి.

ఇక చోటు. అన్నిటికంటే ముఖ్యం ఇదే, ఎక్కువ ఇళ్ళలో తప్పు జరిగేదీ ఇక్కడే. పెద్దాయన్ని మరుగుదొడ్డి పక్కకో, పెంటపోగు దగ్గరికో పంపుతారు. వారం తిరక్కుండా మళ్ళీ అరుగెక్కుతారు. అరుగు ఆయనకి చుట్ట కాల్చుకునే స్థలం మాత్రమే కాదు. వచ్చేపోయేవాళ్ళు పలకరించేది అక్కడే, పేపరు చదివేది అక్కడే. కొత్త చోటుకి కూడా ఆ పరువు ఉండాలి. దారి కనపడాలి, నీడ ఉండాలి, ఇంకో మనిషి వస్తే కూర్చోడానికి రెండో కుర్చీ ఉండాలి. పేపరు పొద్దున్నే అక్కడికే వెళ్ళాలి. ఉదయం కాఫీ కూడా అక్కడికే అందితే సగం పని అయిపోయినట్టే.

దూరం తలుపులకీ కిటికీలకీ కనీసం 20 అడుగులు, వీలైతే 25. గాలివాటు చూసుకోండి. వేసవి సాయంత్రాలు పైరగాలి సముద్రం వైపు నుంచి, వానాకాలం పడమర, నైరుతిల నుంచి, కార్తీకం నుంచి సంక్రాంతి దాకా ఈశాన్యం నుంచి వీస్తుంది. కాబట్టి ఏడాదిలో ఎక్కువ రోజులు ఇంటికి ఉత్తరం, తూర్పు వైపులు మంచివి, ఆ చలికాలం నెలల్లో దక్షిణం వైపుకి మార్చాలి. ఈశాన్యం మూలన నిప్పూ పొగా అంటే వాస్తు అడ్డొస్తుంది, ఆ వాదనలోకి దిగకుండా ఉత్తరం నడుమకి జరపండి. చోటు ఖాయం చేసేముందు చిన్న పరీక్ష చెయ్యండి. సాయంత్రం ఏడింటికి, మళ్ళీ తెల్లవారుజామున, ఆయన కుర్చీ ఉండే ఎత్తులో రెండు అగరబత్తీలు వెలిగించి గుచ్చండి. ఒకరు పొగ ఎటు వంగుతుందో చూడాలి, ఇంకొకరు బిడ్డ పడుకోబోయే గదిలో కిటికీ తెరిచి పావుగంట కూర్చోవాలి. వాసన తగిలిందా, చోటు మారాలి. ఇంట్లో రోజూ పొగ పీల్చేవాళ్ళ ముక్కు దీనికి పనికిరాదు, అలవాటు పడిపోయి ఉంటుంది. పక్కింటివాళ్ళని కూర్చోబెట్టండి.

గడ్డిమేటుకీ, పశువుల పాకకీ, కొబ్బరి డొక్కల గుట్టకీ కూడా 30 అడుగులు ఉండాలి. ఎండిన పీచు మీద ఒక్క నిప్పురవ్వ పడితే చాలు.

అక్కడ ఉంచాల్సినవి ఎక్కువేం లేవు. సగం ఇసుక నింపిన పాత కుండ, ఆరిన పీకలు అందులోకే. మూత ఉన్న డబ్బాలో చుట్టలూ అగ్గిపెట్టే, అవి ఇక ఇంట్లోకి రావు. అసలు నియమం తప్పేది వంటింటి అగ్గిపెట్టెతో. "అగ్గిపెట్టె ఇవ్వమ్మా" అని గుమ్మంలో నిలబడి ముట్టించుకుని, అక్కడే రెండు దమ్ములు లాగి కదుల్తారు. గ్యాసు పొయ్యికి లైటర్ కొనేసి వంటింట్లో అగ్గిపెట్టె లేకుండా చెయ్యండి. దేవుడి దగ్గరిది దేవుడి దగ్గరే ఉండనివ్వండి. లోపలున్న యాష్‌ట్రే తీసెయ్యండి, అది కనపడినంతకాలం ఇక్కడ కాల్చొచ్చు అని చెప్తూనే ఉంటుంది.

బోరింగు పక్కన గోడకి ఒక మేకు, దానికి ఒక కండువా, కింద సబ్బు పెట్టండి. కాల్చేటప్పుడు ఆ కండువా వేసుకుని, అయ్యాక అక్కడే తగిలించి, చేతులూ మొహమూ కడుక్కుని, నోరు పుక్కిలించి, పది నిమిషాలాగి బిడ్డని ఎత్తుకోవాలి. ఆఖరి దమ్ము తర్వాత కూడా కొన్ని ఊపిర్ల దాకా లోపలి పొగ వస్తూనే ఉంటుంది. బిడ్డ తల ఆనేది తాతగారి భుజం మీదే. కాబట్టి మిగతాది మర్చిపోయినా కండువా మర్చిపోవద్దు.

తెల్లవారుజామున నాలుగింటి చుట్ట అన్నిటికంటే కష్టం. శరీరంలో నికోటిన్ రెండు గంటలకి సగానికి పడిపోతుంది కాబట్టి రాత్రి నిద్ర తర్వాత తహతహ అప్పుడే ఎక్కువ. పైగా "చుట్ట కాల్చందే కడుపు కదలదు" అంటారు. అది వట్టి సాకు కాదు, నికోటిన్ పేగుల్ని కదిలిస్తుంది. వేడినీళ్ళూ కాఫీ కూడా ఆ పని కొంత చేస్తాయి, ఫ్లాస్కులో పోసి పెట్టండి. ఆ చీకట్లో పెరట్లోకి వెళ్ళమంటే పాముల భయం ఉంటుంది, మన వైపు కట్లపాముకీ రక్తపింజరకీ కొదవ లేదు. స్విచ్చి మంచం పక్కనే ఉండేలా అక్కడికో బల్బు లాగించండి. టార్చి, చెప్పులు గుమ్మం దగ్గర రాత్రే సర్దండి. ఈ ఏర్పాటు లేకుండా నియమం పెడితే మొదటి వారంలోనే తెల్లవారుజామున తప్పుతుంది, ఇంట్లో ఎవరికీ తెలియను కూడా తెలియదు.

వానకి నాలుగు తాటాకులో ఒక రేకో కప్పిన పందిరి, మూడు వైపులా ఖాళీగా. ముసురు పట్టిన రోజున "ఇవాళొక్క రోజుకి" అంటే అది ముసురున్నన్నాళ్ళూ సాగుతుంది.

బావగారి సంగతి వేరేగా చూడాలి. తండ్రి ముందు కాల్చరు కాబట్టి ఆ కుర్చీ దగ్గరికి ఆయన వెళ్ళరు. అలాంటివాళ్ళు ఎక్కువగా కాల్చేది లోపలి బాత్రూంలో. పెద్దాయన కంటపడకూడదన్న మర్యాదే పొగని ఇంట్లోకి తెస్తోంది. ఆ వెంటిలేటర్ సాధారణంగా పడగ్గది పక్కకే తెరుచుకుంటుంది. ఆయనకి రెండో చోటు చూపించండి, డాబా మీద మెట్ల తలుపు మూసి, గాలి పోయే చివరన. ఒకే చోట ఇద్దరినీ సర్దాలని చూస్తే చిన్నవాడు తప్పకుండా లోపలికొస్తాడు.

ఎవరు చెప్పాలి? మీరు కాదు. కోడలి నోటి నుంచి మొదటిసారి వచ్చిన మాట ఎంత మంచిదైనా ఎదురుమాటే అవుతుంది. మీ వారు చెప్పాలి, అత్తయ్యగారు పక్కనుండాలి, భోజనాల దగ్గర కాకుండా పొద్దుటి కాఫీ వేళ. "నాన్నగారండీ, పాప వచ్చేసరికి ఇంట్లో పొగ ఉండకూడదని డాక్టరుగారు రాసిచ్చారు. మామిడిచెట్టు కింద మీకు పందిరి వేయిస్తున్నాను, లైటు పెట్టిస్తాను. ఎక్కడ కావాలో మీరే చెప్పండి." చివరి మాట ముఖ్యం. చోటు ఆయన ఎంచితే నియమం ఆయనదవుతుంది, రేపు వచ్చినవాళ్ళకి ఆయనే చెప్తారు. డాక్టరు చీటీ ఊరికే అనడానికి కాదు, పురుటి చెకప్పులో నిజంగా రాయించుకోండి. ఆశా కార్యకర్త కూడా మంచి దారి. ఆసుపత్రి పురుడైతే 3, 7, 14, 21, 28, 42 రోజులకి బిడ్డని చూడ్డానికి ఇంటికొస్తారు. ఆ రోజులన్నీ పుట్టింట్లోనే గడుస్తాయి కాబట్టి, అత్తవారి ఊరి ఆశాకి ముందే ఒక ఫోను చేయించండి. మీ పుట్టింటివాళ్ళ చేత మాత్రం చెప్పించకండి. వియ్యంకుడి నోట వస్తే అది ఆరోగ్యం మాట కాదు, కయ్యం.

సంక్రాంతికి అల్లుడుగారు వస్తే? గోదావరి జిల్లాల్లో కొత్త అల్లుడికి ఎవరూ ఏమీ చెప్పలేరు, నిజమే. ఆడపడుచు చేత ముందే ఫోనులో చెప్పించండి. వచ్చాక బావమరిది "రండి బావా" అని డాబా మీదికి తీసుకెళ్ళాలి. అల్లుడు జేబులోంచి పెట్టె తీశాక చెప్పడం ఆలస్యం, కుర్చీ చూపించేటప్పుడే చోటూ చూపించాలి.

ఎదురుమాటలు వస్తాయి. "మా నాన్న చుట్ట కాల్చి తొంభై బతికాడు." దానికి వాదించొద్దు, "ఆయన ఒళ్ళు గట్టిది, పాపది ఇంకా గట్టిపడలేదు" అంటే చాలు. "తాగేవాడికే కదా నష్టం" అంటే ఒక లెక్క ఉంది. జపాన్‌లో తకేషి హిరయామా అనే పరిశోధకుడు పొగతాగని 90 వేల మందికి పైగా భార్యల్ని 14 ఏళ్ళు గమనించి 1981లో ప్రకటించారు. భర్త ఎంత ఎక్కువ కాలిస్తే, ఎన్నడూ ముట్టని భార్యకి ఊపిరితిత్తుల కాన్సర్ అంత ఎక్కువ. ఈ లెక్క అత్తయ్యగారి గురించి. పాప పేరు చెప్పి మొదలుపెట్టినా ఆవిడ ఇన్నేళ్ళుగా పీలుస్తున్న సంగతి కూడా ఎవరో ఒకరు అనాలి.

"దోమల కాయిల్ పొగ మాత్రం ఫరవాలేదా?" అని అడిగితే ఆయన అడిగింది న్యాయం. ఒక్క కాయిల్ కాలితే వచ్చే సన్నని కణాలు 75 నుంచి 137 సిగరెట్ల వాటికి సమానమని 2003లో ఒక పరిశోధన లెక్కగట్టింది. మీరు కాయిల్ వెలిగిస్తూ ఆయన్ని బయటికి పంపితే ఆ నియమం నిలవదు. మంచానికి, ఉయ్యాలకి దోమతెర కట్టండి, సాయంత్రం ఐదున్నరకే తలుపులు మూయండి. బాలింత గదిలో కుంపటి, బిడ్డకి స్నానం తర్వాత సాంబ్రాణి కూడా ఇదే లెక్కలోకి వస్తాయి. జుట్టు మెత్తటి తువ్వాలుతో ఒత్తి ఎండలో కాసేపు కూర్చుంటే ఆరిపోతుంది. అమ్మమ్మగారు ఒప్పుకోకపోతే సాంబ్రాణి బిడ్డ లేని గదిలో వేసి, పొగ పోయాక తీసుకెళ్ళండి. స్నానాల నీళ్ళ పొయ్యి, కొబ్బరి మట్టలతో మండించేది, వంటింటి కిటికీ కింద ఉంటే అవతలికి జరపండి.

బిడ్డ రాకముందు ఇల్లు కడగాలి, ఎందుకంటే పాత పొగ గోడలకీ బట్టలకీ పట్టి ఉంటుంది. సంక్రాంతి సున్నాలకి కలిపేసుకుంటే మంచిది. పాత సున్నం గోకి, తడిగుడ్డతో తుడిచి, రెండు పూతలు. గోకకుండా పూస్తే పసుపు చారలు మళ్ళీ పైకి తేలతాయి. రంగు వేసిన గోడలూ, తలుపులూ, ఫ్యాను రెక్కలూ సబ్బునీళ్ళతో ముందు, తర్వాత పది లీటర్ల బకెట్టుకి ఒక గ్లాసు వెనిగర్ కలిపి. నికోటిన్ క్షారం కాబట్టి పులుపుకి వదులుతుంది. సున్నం గోడకీ పాలరాతికీ వెనిగర్ తగలనివ్వకండి, తినేస్తుంది. పడక్కుర్చీ గుడ్డ ఉతకడం కాదు, మార్చేయండి. పరుపులు మూడు రోజులు ఎండలో. అటక మీద పొగాకు కట్టలుంటే అవీ దించాలి.

కాలనీలో సెంటున్నర ఇళ్ళున్నవాళ్ళకి 20 అడుగులు దొరకవు. అక్కడ డాబా మీదే దారి, లేదా రెండు మూడిళ్ళు కలిసి వీధి చివర ఒక చోటు. పక్కింటి పొగ మీ కిటికీలోకొస్తే వాళ్ళకీ పిల్లలున్నారన్న దగ్గర మొదలుపెట్టండి, ఫిర్యాదు దగ్గర కాదు. పిల్లల్ని మాత్రం కొట్టుకి చుట్టల కోసం పంపొద్దు. 18 ఏళ్ళ లోపు వాళ్ళకి అమ్మడం చట్టప్రకారం నేరం, ముట్టించి ఇవ్వడం కూడా వాళ్ళకి అక్కడే అలవాటవుతుంది.

ఎప్పుడైనా తప్పుతుంది. తప్పిన రోజున అరవకండి. బిడ్డని పక్కింటికి తీసుకెళ్ళి, తలుపులన్నీ తెరిచి మూడు గంటలు వదిలెయ్యండి, మర్నాడు ఏం అడ్డొచ్చిందో కనుక్కోండి. బల్బు మాడిందా, పందిరి కారుతోందా, కుర్చీ ఎవరైనా తీశారా. చాలాసార్లు కారణం అంత చిన్నదే.

చోటు మారాక రోజుకి ఆరు చుట్టలు నాలుగవడం మామూలే, లేచి నడవాలి కదా. అలా తగ్గుతున్నప్పుడు ఆయనే "మానేస్తే ఎలా ఉంటుందో" అన్న రోజున 1800-11-2356కి ఫోను కలిపి ఇవ్వండి. అది జాతీయ పొగాకు విరమణ లైను, డబ్బులు పడవు. ఆ మాట రాకముందు నంబరు గోడకి అంటించకండి. చుట్ట తగ్గించి ఖైనీ మొదలుపెడితే మాత్రం వెంటనే అడ్డుచెప్పండి, ఇంటికి పొగ తప్పినా నోటి కాన్సర్ ప్రమాదం ఆయనకి అలాగే ఉంటుంది.